ఏసమ్మ నోటి తడి

కాలువ నీళ్ళు ఆలస్యంగా వదిలిన ఏడు రైతులకు నాట్లు వేసే ఊడుపు ముఠాలు దొరకడం కష్టం. అలాంటి ఏడు నేలపర్తిపాడు రైతులు తెల్లారేసరికి మాలపల్లె దగ్గరికి వచ్చి ఏసమ్మ కోసం కేకేసేవారు. పల్లె లోపలికి రారు. బండిబాట మీదే, తమ నీడ కూడా పల్లెలో పడనంత దూరాన నిలబడి పిలిచేవారు. ఏసమ్మ తొలి కేకకు పలికేది కాదు. కుండలు సర్దుకుని, పొయ్యి ఆర్పి, కొప్పు ముడేసుకుని అప్పుడు బయటికి వచ్చేది. ఊళ్ళో పెద్ద రైతును ఎండలో నిలబెట్టగలిగిన మనిషి మాలపల్లెలో ఆమె ఒక్కతే.

ఆమెకు భూమి లేదు, చదువు లేదు. ఉన్నదల్లా గొంతు. తండ్రి గోదారి ఆనకట్ట కట్టే రోజుల్లో కాలువ తవ్వకంలో మట్టితట్టలు మోశాడు. ఆ కాలువ నీళ్ళకు ఎవరి చేలు పండాయో చెప్పనక్కర్లేదు. పిల్లకు మొదట ఎల్లమ్మని పేరు పెట్టారు. మిషను వాళ్ళు పల్లెలో బాప్తిస్మాలు ఇచ్చినప్పుడు ఏసమ్మ అయింది. పేరు మారినా ఒళ్ళు వంచాల్సిన చేలు అవే.

ఊడ్పు ఊడిచేవాళ్ళు నడుం వంచి వెనక్కి నడుస్తారు. వెనక ఏముందో కనపడదు, పక్క మనిషి వేగం తెలియదు. అందరినీ ఒక్క వరసలో ఉంచేది పాటే. వరస మొదట నిలబడ్డ మనిషి పాట ఎత్తితే మిగతా వాళ్ళు అందుకుంటారు. పాట దరువు మీదే చెయ్యి బురదలోకి దిగుతుంది. పాట ఎత్తే మనిషే ముఠాకు పెద్ద. ఎవరి చేలోకి దిగాలో, కూలి ధాన్యం ఎంత అడగాలో ఆమే తేలుస్తుంది.

ఆ ముఠాలో ఒక కట్టుబాటు ఉండేది. ఈ గట్టున దిగి ఆ గట్టుకు చేరేలోపు పాట తెగకూడదు. తెగితే ఎత్తిన మనిషి ఎంత పాతదైనా సరే, మొదటి చోటు వదిలి వరస చివరికి పోవాలి. ఏసమ్మ మొగుడికి ఇంకా మీసకట్టు రాని, ఆమె చంకన బిడ్డ లేని రోజుల్లో, పాట ఎత్తే ముసలి సుబ్బాయమ్మ చేను మధ్యలో దగ్గు తెరలో పడి పాట వదిలేసింది. పక్కనున్న ఏసమ్మ దాన్ని కింద పడనివ్వకుండా అందుకుంది. ఆ రోజు నుంచి మొదటి చోటు ఆమెది. సుబ్బాయమ్మ చచ్చేదాకా చివరి చోటులో వంగి ఊడిచింది. ఏసమ్మ దాని గురించి ఎప్పుడూ జాలిపడలేదు. కట్టుబాటు కట్టుబాటే అనుకుంది. అది తన మీదికి వచ్చేదాకా.

మూడో కాన్పు తర్వాత మొదలైంది. ముందు కళ్ళు. తెల్లారి లేస్తే రెప్పల కింద ఇసక పోసినట్టుండేది. తర్వాత వేళ్ళ కణుపులు వాచేవి. చెవుల కింద గవదబిళ్ళల్లాగా ఉబ్బి, తగ్గి, మళ్ళీ ఉబ్బేవి. ఆఖరికి నోరు ఎండిపోయింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఊక నమిలినట్టుండేది. గంజి పోసుకుంటే తప్ప గొంతు దిగేది కాదు. నాలుక అంగిటికి అంటుకుపోయి, విడదీస్తే టప్పుమని చప్పుడయ్యేది. మోకాలి లోతు నీళ్ళల్లో రోజంతా నిలబడే మనిషికి నోట్లో ఒక్క చుక్క తడి లేదు.

ఊరి రైతులు, "పెద్దాపురం మరిడమ్మకు మొక్కులు ఎగ్గొట్టి చర్చీకి పోతే ఊరుకుంటుందా?" అన్నారు. పల్లెలో ప్రార్థన చేయించే ఉపదేశి యెహెజ్కేలు పంతులు, "దేవుడు పరీక్షిస్తున్నాడు" అన్నాడు. ఒకరి లెక్కన అమ్మవారి కోపం, ఒకరి లెక్కన దేవుడి పరీక్ష. దాహం మాత్రం ఏసమ్మది.

ఎవరి ఎంగిలి సోకితే మైలపడిపోతామని ఊరు దూరం దూరం జరిగేదో, ఆ మనిషి నోట్లో ఎంగిలే లేకుండా పోయింది. అయినా ఊరు దగ్గరికి రాలేదు.

ఆమె మొగుడు అబ్రహాము, ఊళ్ళో పెద్ద రైతు గంగరాజు గారి చెరకు గానుగ దగ్గర పని చేసేవాడు. మంచి మనిషి, మాట తక్కువ. పెనం గీకగా వచ్చిన బెల్లం చెక్కలు అరిటాకులో చుట్టి తెచ్చి పెళ్ళాం చేతిలో పెట్టాడు.

"బుగ్గన పెట్టుకోవే. కాస్త ఊట ఊరుద్ది."

నిజంగానే ఊరింది. కొంచెమే, కానీ పాటకు సరిపోయేది. ఇంక ఆ రోజు నుంచి ఏసమ్మ బుగ్గలో బెల్లం ముక్క లేని గడియ లేదు. పొద్దున లేస్తే బెల్లం, చేలో బెల్లం, పడుకునేటప్పుడు బెల్లం. పంతులు భార్య పటికబెల్లం ఇచ్చింది. పక్కింటి వాళ్ళు తాటిబెల్లం ఇచ్చారు. పల్లెలో దయ చూపించడానికి అందరి దగ్గరా ఉన్న వస్తువు అదొక్కటే.

రెండేళ్ళు తిరిగేసరికి పళ్ళు చిగుళ్ళ దగ్గర గోధుమరంగు తిరిగాయి. తర్వాత నల్లబడ్డాయి. ఒకరోజు జొన్నరొట్టె కొరికితే ముందుపన్ను విరిగి రొట్టెలోనే ఉండిపోయింది. నాలుక మీద నిప్పు పెట్టినట్టు మంట. కొన్నాళ్ళకు బెల్లం పెట్టినా ఊట రావడం మానేసింది, పళ్ళ పోట్లు మాత్రం వచ్చాయి.

ఆ ఏడు ఊడ్పుల్లో, గంగరాజు గారి పెద్దమడిలో, అందరూ వింటూ ఉండగా పాట తెగింది. ఎండ మాడ్చేస్తోంది. ఏసమ్మ చరణం ఎత్తబోయింది. నాలుక లేవలేదు. నోరు తెరిచి నిలబడిపోయింది. వరసంతా నడుం ఎత్తి ఆమె వంక చూసింది.

పక్కన నిలబడ్డది చిట్టెమ్మ, ఏసమ్మ తమ్ముడి పెళ్ళాం. నోరు గట్టిది.

"ఏంటి వదినా, పాట మింగేశావా?"

 మాట్లాడడానికి నాలుక కదలాలి కదా.

"మరి నేనెత్తుకుంటున్నా. తర్వాత నన్ననకు" అని చిట్టెమ్మ ఎత్తేసుకుంది.

ఏసమ్మ బురదలో అడుగులు తీసుకుంటూ, వంగిన వీపుల వెనకగా నడిచి వరస చివరికి పోయింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె ఎవరి వీపులూ చూడలేదు. ఆ రోజు అన్నీ చూసింది.

చివరి చోటులో ఉన్నవాళ్ళకు నీళ్ళు కూడా ఆఖరునే అందుతాయి. గట్టు మీద రైతు మనిషి చెంబుతో ఎత్తి పోస్తే దోసిలి పట్టి తాగాలి. ఆ మనిషి ఎప్పుడు వస్తే అప్పుడే దాహం వేయాలి. ఏసమ్మకు గుక్క గుక్కకూ కావాలి. అందుకని ఎండిన సొరకాయ బుర్రలో నీళ్ళు పోసుకుని, తాడు కట్టి నడుముకు వేలాడదీసుకుంది.

అది చూసి ఊరంతా అనుకున్నది ఒక్కటే. సొరబుర్రలో పల్లె వాళ్ళు పోసుకునేది కల్లు. ఏసమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదాలు పగిలాయి, మాట ముద్దగా వస్తోంది, పళ్ళు పాడయ్యాయి, పాట తప్పింది, పైగా నిమిషానికోసారి బుర్ర ఎత్తుతోంది. తాగుబోతని చెప్పడానికి ఇంకేం కావాలి? యెహెజ్కేలు పంతులు, చర్చీలో రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కార భోజనానికి ఆమెను పిలవడం మానేశాడు.

ఒక ఆదివారం ప్రార్థన అయిపోయి అందరూ బయటికొస్తుంటే ఏసమ్మ ఆయనకు అడ్డం నిలబడింది. బుర్ర మూత తీసి చేతికిచ్చింది.

"తాగండి పంతులుగారూ."

"ఛీ! ఏంటే ఇది, ఆదివారం పూట!"

"తాగండీ. అందరి ముందూ నా మీద నింద వేశారు, అందరి ముందే తాగండి."

ఆయన వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఆడవాళ్ళంతా గుమిగూడారు. ఇంక తప్పక ఒక గుక్క తాగాడు.

"నీళ్ళేనే!"

"ఆయ్, నీళ్ళేనండి. చప్పగా ఉన్నాయా? పంతులుగారు ఇంకేదో అనుకుని ఆశపడ్డట్టున్నారు."

అందరూ నవ్వారు. పంతులు కూడా నవ్వలేక నవ్వాడు. మరుసటి ఆదివారం ఆమెను సంస్కారానికి పిలిచాడు. కానీ పాట అడిగితే తిరిగొచ్చేది కాదు. మొదటి చోటులో చిట్టెమ్మ కాళ్ళు బాగా ఊనుకుంది. ముఠా పేరు కూడా మారింది. "చిట్టెమ్మ ముఠా" అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్న రోజున ఏసమ్మ అన్నం తినలేదు.

శీతాకాలంలో దవడ వాచింది. నొప్పికి కన్ను మూతపడలేదు. చీము పట్టి ఒళ్ళు కాలిపోతుంటే అబ్రహాము ఆమెను కాలువ పడవ ఎక్కించి ధవళేశ్వరం తీసుకుపోయాడు. అక్కడి నుంచి మొహానికి గుడ్డ చుట్టుకుని రాజమండ్రి దాకా నడిచింది. మిషను ఆసుపత్రిలో ఒక డాక్టరు దొరసాని ఉండేది. తెలుగు పుస్తకాల్లో నేర్చుకుంది. పక్కన కాంపౌండరు రాజరత్నం ఉండేవాడు. దొరసాని తెలుగును తెలుగులోకి మార్చి చెప్పడం అతని పని.

దొరసాని నోరు తెరిపించి చాలాసేపు చూసింది. చెవుల కింద నొక్కింది. కళ్ళు చూసింది, వేళ్ళు చూసింది.

"నీ నోటియందు లాలాజలము ఉత్పత్తి కావడము లేదు."

"ఉమ్మి ఊరట్లేదంటున్నారు" అన్నాడు రాజరత్నం.

"అది చెప్పడానికా నేను రాజమండ్రి దాకా నడిచొచ్చింది?" అంది ఏసమ్మ.

రాజరత్నానికి కోపం వచ్చింది. దొరసానికి అర్థమై నవ్వు వచ్చింది. ఇలాంటి జబ్బు పుస్తకంలో చదివిందట, మనిషిలో చూడడం ఇదే మొదటిసారి. ఉమ్మి ఊరే గ్రంథులు ఎండిపోయాయని, ఎందుకు ఎండాయో తనకు తెలియదని, సీమలో పెద్ద డాక్టర్లకూ తెలియదని దాచకుండా చెప్పింది. "దీనిని వేరుతో తీయుట నా వల్ల కాదు" అంది.

"అయితే అమ్మవారో దేవుడో చేసింది కాదండి. నా ఒళ్ళే నా మీద కక్ష కట్టింది" అంది ఏసమ్మ.

"మరి పళ్ళు? రోజూ ఏమి తినుచున్నావు?"

ఏసమ్మ కొంగు ముడి విప్పి బెల్లం ముక్క చూపించింది. దొరసాని మొహం మారిపోయింది. సన్నటి పుల్లతో ఆమె పన్ను మీది పాచి గీకి, అద్దం ముక్కకు రాసి, ఇత్తడి గొట్టం కింద పెట్టి, ఒక కన్ను మూసి చూడమంది. ఏసమ్మ చూసింది. మొదట వెలుతురు తప్ప ఏమీ లేదు. తర్వాత కదలిక కనిపించింది. పుల్లల్లాంటివి, చుక్కల్లాంటివి, మెలికలు తిరిగేవి, ఒకదాని మీద ఒకటి.

"ఏంటివి?"

"నీ నోట్లో పురుగులు. కంటికి కనపడవు" అన్నాడు రాజరత్నం. "అందరి నోట్లోనూ ఉంటాయి. నా నోట్లోనూ ఉంటాయి. ఉమ్మి ఉంటే ఎప్పటికప్పుడు కడిగేస్తుంది. నీకది లేదు. పైగా నువ్వు బెల్లం పోసి మేపుతున్నావు. అవి బెల్లం తిని పులుపు కక్కుతాయి, ఆ పులుపుకు పళ్ళు కరుగుతాయి."

ఏసమ్మ మళ్ళీ గొట్టంలోకి చూసింది. ఎండాకాలంలో లాకులు మూసి కాలువ కట్టేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పారే నీళ్ళు ఆగిపోయిన వారానికే నాచు పడుతుంది, దోమలు ముసురుతాయి, కంపు కొడుతుంది. ఇక ఆ మడుగులో ఎవరైనా గానుగ కడిగిన తీపి నీళ్ళు పోశారంటే చెప్పనక్కర్లేదు.

"అంటే ఇన్నాళ్ళూ నేను వీటికి కూలి చేసి పెడుతున్నానన్నమాట" అంది. "నాకంటే ముందు ఇవే తినేస్తున్నాయి."

పాడైన పళ్ళు పీకేశారు. చీము తీశారు. దొరసాని ఒక సీసా ఇచ్చింది, ఎక్కడో సముద్రాల అవతల అడవిలో పెరిగే ఆకు రసమట. చుక్కలు వేసుకుంటే నోట్లో నీళ్ళు ఊరాయి, నిజంగా ఊరాయి. దాంతోపాటు ఒళ్ళంతా చెమట పట్టి చీర తడిసిపోయి, కళ్ళు తిరిగాయి. అయినా ఏసమ్మ ఆ రోజు వసారాలో కూర్చుని, నోట్లో ఊరిన నీళ్ళు మింగుతూ, మింగుతూ ఏడ్చింది.

పంపేటప్పుడు దొరసాని చెప్పింది: బెల్లం, పటికబెల్లం, తీపి ఏదీ బుగ్గన పెట్టవద్దు. తిన్న ప్రతిసారీ వేపపుల్లతో పళ్ళు తోముకో, ఉప్పు నీళ్ళు పుక్కిలించు. గుక్క గుక్కగా నీళ్ళు తాగుతూ ఉండు. నిమ్మకాయ, చింతపండు చప్పరిస్తే ఊట వస్తుంది, కానీ మిగిలిన పళ్ళనూ తినేస్తుంది. వద్దు. ఆ సీసా మందు అయిపోతే మద్రాసు నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో తెలియదు.

పడవలో తిరిగొస్తూ అబ్రహాముకు అంతా చెప్పింది. 

"అయితే ఇన్నేళ్ళూ నీ నోట్లో విషం పెట్టానా?"

"బెల్లమే పెట్టావు మావా. నువ్వు నాకే పెట్టావు, మధ్యలో అవి దొంగిలించాయి. నీ తప్పేముంది?"

"ఇంకెప్పుడూ తేను."

"తేవా? పిల్లలకు తే. వాళ్ళకు తిన్నాక నోళ్ళు కడిగించే పూచీ నాది."

సీసా ఎండలు ముదిరేసరికి అయిపోయింది. మద్రాసు నుంచి మళ్ళీ రాలేదు. పళ్ళ పోట్లు మాత్రం తగ్గాయి. వేపపుల్ల, ఉప్పునీళ్ళు ఆమె ఒక్క పూట మానలేదు. నాలుక మంట చల్లారింది. కానీ తడి లేదు. తడి లేనిదే పాట లేదు.

ఆ రోజుల్లో గంగరాజు గారి దొడ్లో కందులు విసరడానికి పోయింది. వసారాలో గంగరాజు తల్లి అచ్చాయమ్మ గారు మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాడికి మూడో ఏడు వచ్చినా మాటలు రాలేదు. ముసలావిడ ఏదో వేరు ముక్క గంధంలాగా అరగదీసి, తేనెతో రంగరించి పిల్లవాడి నాలుక మీద రాసింది. వాడు మొహం చిట్లించాడు. ఇంతలో వాడి నోటి నుంచి చొంగ కారడం మొదలైంది. గడ్డం మీదుగా, బొజ్జ మీదుగా, అవ్వ చీర మీదికి.

ఏసమ్మ తిరగలి ఆపేసింది.

"అమ్మగారండీ, ఏంటండీ అది రాసింది?"

"అక్కలకర్రే. నాలుక తిరుగుద్దని రాస్తారు. ఏమే, నీ పిల్లలకు మాటలు రాలేదా? నీ పిల్లలకు మరీ ఎక్కువ వచ్చాయి కదే!"

"నాకండి. నా నాలుకకు."

అచ్చాయమ్మ గారు ఆమె వంక వింతగా చూసింది. తర్వాత ఒక వేరు ముక్క తీసి, వసారా మీద నుంచి విసిరింది. ఏసమ్మ కొంగు చాచి అందుకుంది. చేతిలో పెట్టి ఇస్తే పోయేదేమీ లేదు. కానీ ఆ ఇంట్లో మందు కూడా ఎగిరే రావాలి.

ముక్క కొరికి పళ్ళ మధ్య పెట్టుకుంది. నాలుక చురుక్కుమంది, తిమ్మిరెక్కింది, చీమలు పాకినట్టయింది. తర్వాత నాలుక కింద నుంచి, ఎండిన చెలమలో అడుగున నీళ్ళు ఊరినట్టు, సన్నగా తడి వచ్చింది. చెమట లేదు, కళ్ళు తిరగడం లేదు. కొంచెమే వచ్చింది, కాసేపే ఉంది. ఆ కాసేపట్లోనే తిరగలి పాట ఎత్తి ఒక చరణం పాడి చూసింది. అచ్చాయమ్మ గారి మనవడు ఆమె వంక చూసి చప్పట్లు కొట్టాడు.

తర్వాత మిషను పడవ మీద ఊళ్ళు తిరుగుతూ దొరసాని వచ్చినప్పుడు ఏసమ్మ ఆ ముక్క చూపించింది. దొరసాని కొరికి చూసి, నాలుక చురుక్కుమంటే గెంతింది. "ఇది మంచిది. ఇందులో తీపి లేదు. వాడుకొనుము" అని తన పుస్తకంలో రాసుకుంది.

ఇక మిగిలింది పాట. అక్కలకర్ర ఇచ్చే తడి ఒక చరణానికి చాలు, చేను ఈ చివరి నుంచి ఆ చివరికి చాలదు. మధ్య మధ్య నీళ్ళ గుక్క పడాలి. గుక్క పడితే పాట తెగుతుంది. ఏసమ్మ ఆ ఎండాకాలమంతా పిడకలు చేస్తూ, దంపుతూ దాని గురించే ఆలోచించింది. ఆఖరికి పాటనే మార్చింది. పాత పాటల్లో ముఠా ఒక్కసారి అందుకుని ఊరుకుంటుంది. కొత్త వరసలో అందుకున్న మాటను వాళ్ళు రెండుసార్లు తిప్పి పాడాలి. వాళ్ళు రెండోసారి పాడుతుండగా ఆమె ఒక గుక్క మింగి మళ్ళీ ఎత్తుకోవచ్చు. పాట గట్టు చేరేదాకా తెగినట్టు కాదు. పిల్లల్ని కూర్చోబెట్టి పాడించి చూసింది. సరిపోయింది.

కానీ మొదటి చోటు చిట్టెమ్మది. కట్టుబాటు ప్రకారం చిట్టెమ్మ పాట తెగేదాకా ఏసమ్మకు నోరెత్తే హక్కు లేదు.

ఆ ఏడు కాలువ నీళ్ళు మరీ ఆలస్యమయ్యాయి. పెద్దమడిలో దమ్ము దున్నడం పూర్తయ్యేసరికి నారు ముదిరిపోయి కణుపులు తేలుతోంది. సాయంత్రంలోగా మడి ఊడవకపోతే ఆ నారు పశువులకే. గంగరాజు గారు గొడుగేసుకుని గట్టు మీద నుంచి కదలలేదు. మధ్యాహ్నం దాటగానే తూర్పుగాలి లేచింది. వాన అడ్డంగా కొట్టింది. చిట్టెమ్మ గొంతు గట్టిదే కానీ గాలికి ఎదురు పాడడం అలవాటు లేదు. సగం మడి దాటాక ఒక పెద్ద గాలి విసురుకు నోటి నిండా వాననీళ్ళు పడి, ఉక్కిరిబిక్కిరై, దగ్గుతూ ఆగిపోయింది.

పక్కనున్నది చిన్నమ్మాయి, కొత్త పెళ్ళికూతురు. తలొంచుకుంది. పాట ఎత్తలేదు. ఆ పక్క మనిషీ ఎత్తలేదు. వరస నడుం ఎత్తింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏవైందే? అలా నిలబడితే నారు నిలబడుద్దా?" గంగరాజు గట్టు మీద నుంచి అరిచాడు. "రేపటి చేలకు గోదారి లంకోళ్ళ ముఠాను తెస్తా. మీరు ఇళ్ళకు పొండి!"

అప్పుడు చివరి చోటు నుంచి పాట వచ్చింది.

"మబ్బు దిగొచ్చింది మడి నిండిపోయింది, అడుగెయ్యవే సోదరీ!"

చివరి మనిషి ఎత్తకూడదని కట్టుబాటులో ఎక్కడా లేదు. ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు, అంతే. ఏసమ్మ బుగ్గలో అక్కలకర్ర ముక్క చురుక్కుమంటోంది. ముందుపళ్ళు లేవు కాబట్టి "సోదరీ" అన్నచోట ఈల వచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతోనే నడుములు వంగాయి.

"అడుగెయ్యవే సోదరీ!" అని అందుకున్నారు.

"మళ్ళీ! రెండుసార్లు!" ఏసమ్మ అరిచింది.

"అడుగెయ్యవే సోదరీ!"

ఆ రెండోసారిలో ఆమె బుర్ర ఎత్తి గుక్క మింగింది. మళ్ళీ ఎత్తింది. గాలి పాటను లాక్కుపోయింది, ఆమె ఇంకా గట్టిగా ఎత్తింది. నాలుక అంగిటికి అంటుకోబోయింది, గుక్క మింగింది, విడిపోయింది. చేతులు బురదలోకి దిగుతున్నాయి, వస్తున్నాయి. వరస అంతా ఒకే కీలుతో కదులుతోంది. చిట్టెమ్మ దగ్గు ఆపుకుని, ముక్కు తుడుచుకుని, మొదటి చోటు నుంచే చివరి చోటు పాటను అందుకుంది. గంగరాజు గొడుగు గాలికి తిరగబడింది. ఆయన దాన్ని సరిచేసుకోవడం మర్చిపోయి చూస్తున్నాడు.

వెలుతురు ఉండగానే వాళ్ళ మడమలు అవతలి గట్టుకు తగిలాయి. పాట తెగలేదు.

ఏసమ్మ నడుం ఎత్తి నిలబడింది. చిట్టెమ్మ బురద కాళ్ళతో వరస వెంట నడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది.

"జరుగు వదినా. నా చోటు ఇది."

"నీ చోటు అదీ."

"తెగింది నా పాటే కదా. కట్టుబాటు నాకు చెప్పక్కర్లేదు. జరుగు." ఆమె ఏసమ్మను భుజంతో నెట్టి చివరి చోటులో నిలబడింది. "కానీ ఆ ఈల నాకు నేర్పాలి. పళ్ళు పీకించుకోవాలంటే మాత్రం నా వల్ల కాదు."

గంగరాజు గట్టు వెంట వచ్చాడు. గొంతు మారింది.

"ఏసమ్మా, రేపు దిగువ చేలోకి రావాలి. ఎల్లుండి కాలువ పక్కది. మీ ముఠాయే."

"వస్తామండి. ఒక మాట ఉందండి."

"కూలేనా? చూద్దాంలే."

"కూలి కాదండి. గట్టు మీద మా కుండ మేం పెట్టుకుంటాం. నీళ్ళు మేమే ముంచుకుంటాం, దాహమేసినప్పుడల్లా. మీ మనిషి పోసేదాకా దోసిళ్ళు పట్టుకుని నిలబడం."

"అదేం కొత్త పద్ధతే? అందరూ అదే అడిగితే?"

"అడగమనండి. నీళ్ళు కాలువవి. కాలువ మా అయ్య తవ్విందండి."

గంగరాజు ఆకాశం వంక చూశాడు. దిగువ చేలో ముదురుతున్న నారు వంక చూశాడు. "సరేలే, పెట్టుకోండి" అన్నాడు. అందులో ఔదార్యం ఏమీ లేదు. నారు ముదురుతోంది, అంతే. అయినా ఏసమ్మ దాన్ని తీసుకుంది. పెద్దవాళ్ళ మనసు మారే వరకు కూర్చునే తీరిక పల్లెకు లేదు.

మర్నాడు దిగువ చేను గట్టు మీద, చెట్టు నీడలో, కొత్త కుండ, దాని మీద కొబ్బరి చిప్ప గరిటె. ఏసమ్మ మొదటి చోటులో దిగింది.

జబ్బు ఆమెను వదలలేదు. కళ్ళలో ఇసక అలాగే ఉంది, కణుపులు చలికి వాచేవి, మిగిలిన పళ్ళు ఒక్కొక్కటే ఊడాయి కానీ ఏదీ చీము పట్టలేదు. అబ్రహాము పెనం బెల్లం తెచ్చి పిల్లలకు పెట్టినప్పుడల్లా ఆమె వేపపుల్లలు చేతిలో పట్టుకుని పక్కన నిలబడేది. ఆ తర్వాత మనవలు పుట్టేదాకా, జుట్టు నెరిసేదాకా ఆ ముఠా పాట ఆమే ఎత్తింది. ఎన్ని ఊడ్పులో ఎవరూ లెక్కపెట్టలేదు. పాట ఒక్కసారి కూడా తెగలేదని మాత్రం అందరికీ తెలుసు.

చుట్టుపక్కల ఊళ్ళ ముఠాలు ఆ వరస విని, రెట్టించి పాడడమే అందమనుకుని నేర్చుకున్నాయి. ఇప్పుడు ఆ తట్టు ఏ చేలో విన్నా ఆడవాళ్ళు అందుకున్న మాటను రెండుసార్లు తిప్పి పాడతారు. వాళ్ళ పాట ఎత్తే మనుషులకు నోళ్ళు శుభ్రంగా తడిగానే ఉన్నాయి. ఆ రెండోసారి ఎందుకో వాళ్ళకు తెలియదు. తోచక కాసేపు చుట్టూ చూసి, మళ్ళీ ఎత్తుకుంటారు.